పండుగప్పకు గాలం వేయడం ఎలా? గుంజకుండా పట్టండి

గాలం నుంచి తప్పించుకున్న పండుగప్పల్లో చాలావరకు మనం చేతులారా వదిలేసినవే. చేప ఎర అందుకుంటుంది, మనిషి రాడ్డును బలం కొద్దీ వెనక్కి గుంజుతాడు, హుక్కు వట్టిదే గాల్లోకి లేస్తుంది. నీళ్లు వెచ్చబడి ఈ చేప నదీముఖాలకు చేరే కాలం వచ్చిందంటే చాలు, ప్రతి ఏడూ ఇదే చూస్తున్నాను. మిగతా పనంతా తేలిక. ముందు అది ముగిద్దాం.

సామాను: 7 అడుగుల రాడ్డు, 4000 సైజు స్పిన్నింగ్ రీలు, 30 పౌండ్ల బరువు ఆపే బ్రెయిడ్ (అల్లిన) దారం, చివర హుక్కుకు ముందు మీటరు పొడవున 60 పౌండ్ల మోనో లీడర్, అంటే ఒంటిపోగు నైలాన్ దారం ముక్క. పండుగప్ప మొప్పల మూత అంచు బ్లేడులా ఉంటుంది, సన్నటి దారం దానికి ఒరుసుకుంటే తెగిపోతుంది. అందుకే అంత మందం లీడర్. డ్రాగ్‌ను, అంటే చేప ఎంత బలంగా లాగితే రీలు దారం వదలాలో చెప్పే బిగింపును, దారం బలంలో నాలుగో వంతుకు, అంటే 7 పౌండ్ల దగ్గరకు, స్ప్రింగు త్రాసుతో కొలిచి బిగించండి. చేత్తో లాగి చూసి సరిపోయిందనుకోవద్దు.

హుక్కు 6/0 సైజు సర్కిల్ హుక్కే, అంటే గుండ్రంగా లోపలికి వంగినది. బల్ల మీద పెడితే అది చదునుగా ఆనాలి. మొన పక్కకు ఒరిగి ఉంటే అది ఆఫ్‌సెట్ రకం, చేప లోపల ఎక్కడ పడితే అక్కడ గుచ్చుకుంటుంది. అమెరికాలో అట్లాంటిక్ బిల్‌ఫిష్ (ఈటె లాంటి పొడవాటి ముక్కున్న సముద్రపు చేపలు) పోటీల్లో సహజమైన ఎర వాడేవాళ్లకు ఆఫ్‌సెట్ లేని సర్కిల్ హుక్కే ఉండాలని 2008 నుంచి నిబంధన ఉంది. మూడు మొనల ట్రెబుల్ హుక్కులను ఎరతో వాడేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. వదిలేద్దామనుకున్న చేప కూడా వాటితో బతకడం కష్టం.

ఎరకు బతికున్న రొయ్య. తల మీది కొమ్ము కింద, లోపల కనిపించే నల్లమచ్చకు తగలకుండా హుక్కు గుచ్చండి, చాలాసేపు ఈదుతూనే ఉంటుంది. అమావాస్యకో పౌర్ణమికో అటూ ఇటూ రోజుల్లో, పోటు తిరిగి నీళ్లు దిగడం మొదలైన తొలి రెండు గంటలు పిల్లకాలువల నోళ్ల దగ్గరే ఉండండి. దిగే నీటితో రొయ్యలూ చేపపిల్లలూ బయటికి కొట్టుకొస్తాయి, పండుగప్ప వాటికి ఎదురుగా కాచుకుని ఉంటుంది. ఎరను కాస్త ఎగువన వేసి, నీటితో పాటు పోనివ్వండి.

ఇక అసలు సంగతి.

సర్కిల్ హుక్కు మొన కాడ వైపుకు వంగి ఉంటుంది. దారం మెల్లగా బిగిసేకొద్దీ అది నోట్లో జారుతూ వచ్చి, పెదవి దాటబోయే చోట మెలి తిరిగి దవడ మూలకు తగులుకుంటుంది. దానికి కావలసింది అంచెలంచెలుగా పెరిగే బిగువు. ఒక్క కుదుపు ఇచ్చారంటే మొన ఎక్కడా తగలకముందే హుక్కు నోట్లోంచి బయటపడుతుంది.

కాబట్టి ఇలా చేయండి. రాడ్డు కొన ఎర వైపే చూస్తూ ఉండాలి. రీలు బెయిల్ (దారాన్ని ఆపి ఉంచే తీగ) తెరిచి దారాన్ని చూపుడువేలి మీద ఉంచండి. పండుగప్ప కొరకదు, నోరు ఒక్కసారిగా తెరిచి నీటితో సహా ఎరను లోపలికి పీల్చేస్తుంది. వేలికి 'ఠప్'మని తెలుస్తుంది. వెంటనే దారం వదలండి. నిదానంగా మూడు లెక్కపెట్టండి. బెయిల్ మూయండి. రాడ్డు ఎత్తకండి! హ్యాండిల్ మాత్రం తిప్పుతూ ఉండండి. రాడ్డు దానంతట అదే వంగి, డ్రాగ్ చప్పుడు చేసిన తర్వాతే మెల్లగా పైకి తీయండి.

మామూలు జె హుక్కుతో (ఇంగ్లిష్ J ఆకారంలో, మొన నిటారుగా ఉండేది) ఏళ్ల తరబడి పట్టినవాళ్లకే ఇది కష్టం. బరువు తెలియగానే చేతులు లేస్తాయి. నేను నేర్పేటప్పుడు మోచేతిని పక్కటెముకలకు ఆనించి ఉంచమంటాను. మోచెయ్యి కదలకపోతే కుదుపు రాదు.

అలాగని పదిహేను దాకా లెక్కపెట్టకండి. చేప ఎరను పూర్తిగా మింగేస్తుంది. హుక్కు గొంతులో దిగితే పీకవద్దు, లీడర్‌ను నోటి దగ్గర కత్తిరించి వదిలేయండి.

రాడ్డును స్టాండులో పెట్టి కూర్చుంటే హుక్కు దానంతటదే పడుతుందని కొందరంటారు. పడుతుంది, నిజమే. కానీ మీరు లేచి రాడ్డు అందుకునేలోపు పండుగప్ప మడచెట్ల వేళ్లలోకి దూరుతుంది, దారం అక్కడే తెగుతుంది. రాడ్డు చేతిలోనే ఉండాలి.

హుక్కు పడ్డాక చేప ఎగిరి తల విదిలిస్తుంది. అది నీళ్లు వదిలిన క్షణంలో రాడ్డు కొనను దాని వైపు దించి దారం కాస్త వదులు చేయండి, మళ్లీ నీళ్లలో పడగానే బిగించండి.

పెద్ద చేపయితే వదిలేయండి. పండుగప్ప ముందు మగదిగా ఎదిగి, కొన్నేళ్లకు ఆడదిగా మారుతుంది. అంటే పెద్దవి దాదాపు అన్నీ గుడ్లు పెట్టేవే. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 120 సెంటీమీటర్లు దాటిన పండుగప్పను సాధారణంగా ఉంచుకోకూడదన్న నియమం ఉన్నది అందుకే. చేతులు తడుపుకుని, ఒక చెయ్యి పొట్ట కింద వేసి అడ్డంగా పట్టుకోండి, దవడ పట్టి వేలాడదీయకండి. హుక్కు వచ్చిన దారినే పటకారుతో వెనక్కి తిప్పి తీయండి. తల ప్రవాహానికి ఎదురుగా ఉండేలా నీళ్లలో పట్టుకోండి. తోకతో తన్ని మీ చేతిలోంచి తానే విడిపించుకునే దాకా వదలకండి.