టైలు వెనక ముద్రతో మొదలుపెట్టి ఫ్రెంచ్ కుటుంబ ఫ్యాక్టరీ చరిత్ర తవ్వడం ఎలా

ఫ్రాన్స్‌లో 19వ శతాబ్దంలో మంచి బంకమన్ను దొరికిన చాలా ఊళ్లలో పెంకులో, టైల్సో, పింగాణీ సామానో చేసే ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. ఎక్కువగా ఒకే కుటుంబం చేతిలో రెండు మూడు తరాలు నడిచి మూతపడ్డవే. పుస్తకాలకెక్కినవి కొన్నే, మిగతావాటి కథ ఎవరో ఒకరు ఓపిగ్గా కూర్చుని తీస్తేనే బయటికొస్తుంది. ఇంట్లో కూర్చుని కూడా ఇందులో చాలా పని చేయొచ్చు, ఎందుకంటే ఫ్రెంచ్ రికార్డుల్లో పెద్ద భాగం ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంది.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. అందరూ ముందుగా వెతికేది స్థాపించిన సంవత్సరం. దాన్ని కాసేపు పక్కన పెట్టండి. బిల్లుల మీద, ప్రకటనల్లో గొప్పగా అచ్చువేసే ఆ సంవత్సరం చాలాసార్లు తాతగారి పాత బట్టీదో, అంతకుముందు అదే స్థలంలో ఉన్న వేరే యజమానిదో అయి ఉంటుంది. ఫ్యాక్టరీ ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి ఎప్పుడు మారిందో వెతకండి. చావు, పెళ్లి, అమ్మకం, దివాలా, వీటిలో ఏది జరిగినా కాగితం పుడుతుంది. 1804 నాటి సివిల్ కోడ్ ప్రకారం కొడుకులకీ కూతుళ్లకీ ఆస్తి సమానంగా పంచాలి కాబట్టి యజమాని పోయిన ప్రతిసారీ బట్టీ, అచ్చులు, మట్టి గుంట అన్నీ లెక్కకొచ్చేవి. మనకి కావలసింది ఆ లెక్కలే.

ఇప్పుడు టైలు తిప్పి ముద్ర చదవండి. ఇంటిపేరు పక్కన ఉన్న చిన్న మాట చాలా ముఖ్యం. ఫ్రేర్ అంటే అన్నదమ్ములు, ఫిస్ అంటే కొడుకు, జాండ్ర్ అంటే అల్లుడు, వెవ్ అంటే భర్త పోయాక వ్యాపారం నడిపిన భార్య. ఈ చివరిది కనిపిస్తే అసలు వదలకండి. 18వ శతాబ్దపు మార్సేయ్‌లో క్లోద్ పెరాఁ 1748లో చనిపోయాక ఆయన భార్య పియెరెట్ కాందెలో ఫ్యాక్టరీని చేతిలోకి తీసుకుంది, ఇవాళ మ్యూజియంలు ఆ సామానుని వెవ్ పెరాఁ పేరుతోనే చూపిస్తాయి. రికార్డుల్లో ఆడవాళ్లు తరచూ పెళ్లి పత్రంలోనో ఆస్తి పంపకంలోనో మాత్రమే కనిపిస్తారు, కాబట్టి ముద్ర మీద ఆ మాట ఉందంటే అప్పుడు నడిపింది ఆవిడే అన్నదానికి గట్టి ఆధారం దొరికినట్టే.

పేరు తర్వాత కాలం. ఎస్.జి.డి.జి. అనే అక్షరాలు ఉంటే, పేటెంట్ ఉంది కానీ దానికి ప్రభుత్వ హామీ లేదు అని చెప్పే ఆ ముద్ర 1844 చట్టంతో వచ్చి 1968లో పోయింది. ఆర్.సి. నంబరు ఉంటే వ్యాపార రిజిస్టరు వచ్చాక, అంటే 1919 చట్టం తర్వాతది. ఎస్.ఎ.ఆర్.ఎల్. అని, అంటే పరిమిత బాధ్యత కంపెనీ అని ఉంటే సాధారణంగా 1925 తర్వాతది. ఒకదానిలో ఒకటి ఇమిడే పెంకు అయితే, అల్సాస్‌లోని ఆల్ట్‌కిర్క్‌లో జిలార్దోనీ సోదరులు 1841లో పేటెంట్ తీసుకున్నాకే ఆ రకం ఫ్రాన్స్ అంతా పాకింది. పేటెంట్లు ఫ్రెంచ్ పేటెంట్ కార్యాలయమైన ఐ.ఎన్.పి.ఐ. వెబ్‌సైట్‌లో ఉన్నాయి, 19వ శతాబ్దానివి పేరు పెట్టి వెతకొచ్చు.

ఊరి పేరు తెలిశాక ఆ ఊరు ఏ డిపార్ట్‌మెంట్‌లో (మన జిల్లా లాంటిది) ఉందో చూసుకుని ఆ డిపార్ట్‌మెంట్ ఆర్కైవ్స్ సైట్‌కి వెళ్లండి. ఇక్కడ తొందరపడకండి. ముందు పుట్టుక, పెళ్లి, మరణ రికార్డులతో వంశవృక్షం వేసుకోండి, పదేళ్లకోసారి తయారుచేసిన పేర్ల సూచికలు ఉంటాయి కాబట్టి అది అనుకున్నంత కష్టం కాదు. పెళ్లి పత్రంలో సాక్షుల వృత్తులు తప్పకుండా చదవండి, ఇంకో కుమ్మరి కుటుంబమో, పక్క ఊరి పెంకుల ఫ్యాక్టరీ యజమానో అక్కడే బయటపడతారు. తర్వాత 1836 నుంచి సుమారు ఐదేళ్లకోసారి తీసిన జనాభా లెక్కలు. వీధుల వారీగా, ఇళ్ల వారీగా పేర్లు, వృత్తులు ఉంటాయి. ఫ్యాక్టరీ ఉన్న వీధి తీసి వరుసగా నాలుగైదు లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే పనివాళ్లు పెరగడం, తగ్గడం, వేరే ప్రాంతం నుంచి రావడం కళ్లకి కడతాయి.

అన్నిటికన్నా నాకు ఇష్టమైన రికార్డు మాత్రం వేరే ఉంది. 1810 అక్టోబర్ 15 నాటి డిక్రీ ప్రకారం పొగ, వాసన, ప్రమాదం ఉన్న ఫ్యాక్టరీలు పెట్టాలంటే అనుమతి తీసుకోవాలి, బట్టీలు కూడా అందులోకి వచ్చాయి. ఆర్కైవ్స్‌లో కాగితాలని విషయం వారీగా శ్రేణులుగా విడదీసి అంకె, అక్షరంతో గుర్తు పెడతారు, ఆ ఫైళ్లు సాధారణంగా 5ఎం అనే శ్రేణిలో ఉంటాయి. యజమాని దరఖాస్తు, స్థలం ప్లాను, చుట్టుపక్కల వాళ్ల అభ్యంతరాలు, అధికారుల అభిప్రాయం, అన్నీ ఒకే చోట దొరికే అవకాశం ఉంది. పొగ వల్ల ఉతికిన బట్టలు పాడవుతున్నాయనో, తోట మాడిపోతోందనో ఎవరైనా రాసిన ఫిర్యాదు దొరికితే ఆ ఫ్యాక్టరీ ఊళ్లో ఎలా బతికిందో ఏ కంపెనీ పుస్తకమూ చెప్పనంత బాగా తెలుస్తుంది. ఈ ఫైళ్లు చాలాచోట్ల ఇంకా స్కాన్ కాలేదు, వెళ్లి చూడాలి లేదా కాపీ అడగాలి.

భూమి వివరాలకి 3పి శ్రేణిలోని కడాస్త్ర్, అంటే నెపోలియన్ కాలంలో మొదలైన భూమి కొలతల పటాలు, రిజిస్టర్లు. ఏ సర్వే నంబరు ఏ ఏడు ఎవరి పేరు మీదికి మారిందో వాటిలో ఉంటుంది. యజమాని చనిపోయిన తేదీ మీ దగ్గర ఉంటే 3క్యూ శ్రేణిలో వారసత్వ ప్రకటన వెతకండి, చనిపోయిన ఆరు నెలల్లోపు పన్ను కోసం ఆస్తి మొత్తం చెప్పాల్సి వచ్చేది. నోటరీ దగ్గరి దస్తావేజులు ఇంకా వివరంగా ఉంటాయి కానీ సాధారణంగా 75 ఏళ్లు దాటితేనే చూడనిస్తారు. దివాలా తీసిందన్న అనుమానం ఉంటే వాణిజ్య కోర్టు కాగితాలు 6యు లో ఉంటాయి.

పెద్ద ప్రదర్శనల పతకాలు, అప్పటి వ్యాపార డైరెక్టరీలు ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వారి గాలికా సైట్‌లో దొరుకుతాయి. యజమానికి లెజియన్ దొనర్ అనే ప్రభుత్వ పురస్కారం వచ్చి ఉంటే, దాన్ని అందుకున్నవాళ్ల వివరాలుండే లెయొనోర్ డేటాబేస్‌లో ఆయన ఫైలు ఉండొచ్చు.

ఈ పద్ధతి ఒకసారి మొసెల్ ప్రాంతంలోని సార్‌గెమీన్ ఊరి పింగాణీ సామాను ఫ్యాక్టరీ మీద పెట్టి చూడండి, చరిత్ర బాగా తెలిసినదే కాబట్టి చేయి తిరుగుతుంది. 1790లో జాకోబీ సోదరులు మొదలుపెట్టారు. 1800లో పాల్ ఉట్స్‌ష్నైడర్ చేతికొచ్చింది. ఆయన తర్వాత 1836లో అల్లుడు అలెక్సాండ్ర్ ద గైగర్, ఆ తర్వాత మనవడు పాల్ ద గైగర్. అల్లుడి కాలంలో కూడా ముద్ర మీద మామగారి పేరు అలాగే కొనసాగింది, కాబట్టి పేరు మారలేదంటే మనిషి మారలేదని అనుకోకూడదు. 1871లో ఆ ఊరు జర్మనీలో కలిసిపోయింది. ఫ్రెంచ్ మార్కెట్‌కి, ఫ్యాక్టరీకి మధ్య సరిహద్దు, సుంకం వచ్చిపడ్డాయి, అందుకే కుటుంబం ఫ్రాన్స్ వైపు దిగ్వాఁలో, విత్రీ-ల-ఫ్రాంస్వాలో ఫ్యాక్టరీలు పెట్టింది. 1913లో పాల్ ద గైగర్ పోయాక సంస్థ రెండుగా చీలింది, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత మళ్లీ ఒకటైంది. ముద్రలో దిగ్వాఁ, సార్‌గెమీన్ పేర్లు రెండూ కలిసి కనిపిస్తే ఈ క్రమం గుర్తు తెచ్చుకోండి.

అల్సాస్, మొసెల్ ప్రాంతాల ఫ్యాక్టరీ అయితే 1871 నుంచి 1918 వరకు కాగితాలు జర్మన్‌లో ఉంటాయి, ముందే సిద్ధపడండి.

మూతపడిన తేదీ తేలకపోతే ఫ్రెంచ్ పటాల సంస్థ ఐ.జి.ఎన్. వారి రెమోంతే ల తాఁ సైట్‌లో పాత విమాన ఫోటోలు పక్కపక్కన పెట్టి చూడండి, పొగగొట్టం ఏ ఫోటో దాకా ఉందో తెలిసిపోతుంది. పాత పరిశ్రమ స్థలాల జాబితా ప్రభుత్వం నడిపే జియోరిస్క్ సైట్‌లో ఉంది.

చివరికి ఆర్కైవ్స్‌కి మెయిల్ రాయాల్సి వస్తే ఫ్యాక్టరీ గురించి సమాచారం కావాలని మాత్రం రాయకండి. ఊరు, ఇంటిపేరు, సంవత్సరాల మధ్య హద్దు, ఏ శ్రేణిలో ఏం కావాలో ఒకే ఒక్క ప్రశ్నగా ఫ్రెంచ్‌లో నాలుగు లైన్లు రాయండి, టైలు వెనక ముద్ర ఫోటో జత చేయండి. రెండో ప్రశ్న మొదటిదానికి జవాబు వచ్చాక అడగొచ్చు.