సంక్రాంతి పందేనికి కొత్త కొండ గుర్రాన్ని దింపే ముందు

విజయనగరం పైడితల్లమ్మ జాతరలో సిరిమాను తిరిగిందంటే చాలు, మా ఎస్.కోట (శృంగవరపుకోట) వైపు గుర్రాలున్న ఇళ్లలో సంక్రాంతి లెక్కలు మొదలైపోతాయి. ఏ ఊళ్లో పందెం, ఎవరి గుర్రం దిగుతుంది, దాని మీద ఎక్కేదెవరు అని. ఈసారి మా చుట్టుపక్కల కుర్రాళ్లు నలుగురు ఏజెన్సీ నుంచి, అంటే గిరిజనుల కొండ ఊళ్ల నుంచి, కొండ గుర్రాలు కొనుక్కొచ్చారు. వదిలేస్తే వాటిపాటికవి మేసి పెరిగినవి, మనిషి చెయ్యి పెద్దగా ఎరగనివి. రెండు మూడు నెలల్లో కళ్లెం అలవాటు చేశారు, వీపు మీద మనిషిని మోయించారు. ఇప్పుడు నలుగురిదీ ఒకటే మాట: "మావయ్యా, సంక్రాంతికి దింపేద్దామా?" వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

మచ్చికైందంటే మీకు మచ్చికైంది. మీ పెరడు, మీ గొంతు, చెరువు దాకా వెళ్లే దారి, ఆ దారిలో రోజూ మొరిగే కుక్క, ఇవి దానికి తెలుసు. పందెం నాడు ఇవేవీ ఉండవు. వెయ్యి మంది జనం, మైకు, పక్కన తెలియని గుర్రాలు ఉంటాయి. మూడు నెలల్లో దాని భయం పోలేదు, మీ దగ్గర మాత్రమే అణిగింది.

అమెరికాలో మస్టాంగ్‌లని అడవి గుర్రాలున్నాయి. వాటి రక్షణకు 1971లో ఒక చట్టమే చేశారు. మందలు పెరిగిపోయినప్పుడు కొన్నిటిని పట్టి పెంచుకోవడానికి ఇస్తారు. అలాంటివాటిని వంద రోజుల్లో మచ్చిక చేసి తీసుకొచ్చే పోటీ ఒకటి 2007లో మొదలైంది. అందులో చూసేది వేగం కాదు. గిట్ట ఎత్తనిస్తుందా, బండి ఎక్కుతుందా, దారికి అడ్డంగా పెట్టిన దుంగల్ని తొట్రుపడకుండా దాటుతుందా, ఇవి చూస్తారు. వంద రోజుల గుర్రం దగ్గర అడగదగ్గది అంతే. మొదటి సంక్రాంతికి మీ గుర్రాన్ని ఊరేగింపులో నడిపించి ఇంటికి తెచ్చుకోగలిగితే అది నా దృష్టిలో పెద్ద గెలుపు. అయినా దింపుతామంటే ఇప్పట్నుంచే పని మొదలుపెట్టండి.

నా సంగతి చెబుతాను. ఆరేళ్ల కిందట నా ఆడ గుర్రం చుక్కని మొదటిసారి పందేనికి తీసుకెళ్లాను. పొద్దున్నుంచీ గొర్రెపిల్లలా నిలబడింది. నాకు ధీమా వచ్చేసి పలుపుతాడు అరచేతికి రెండు చుట్లు చుట్టుకున్నాను. పక్క వీధిలో తప్పెటగుళ్ల వాళ్లు డప్పులు కొడుతూ ఆట మొదలుపెట్టారు. చుక్క తల పైకెత్తింది, చెవులు రెండూ అటే నిక్కపొడిచింది, నమలడం ఆపేసింది. నోట్లో గడ్డిపోచ అలాగే ఉండిపోయింది. అది చూసినప్పుడే నేను పక్కకి తప్పించి తీసుకుపోవాల్సింది. ఇంతలో ఎవరో సీమటపాకాయల దండ అంటించారు. చుక్క నన్ను కోసిన మడిలో దుబ్బుల మీద ఇరవై అడుగులు ఈడ్చుకుపోయింది. అరచేతి చర్మం తాడుతో పాటే పోయింది, రెండు వేళ్లు విరిగాయి. చుక్క ముళ్లకంచెలోకి దూసుకెళ్లి ముందుకాలి పైభాగం చీరుకుంది. నెలల తరబడి డప్పు వినపడితే వణికేది.

కాబట్టి అన్నిటికంటే ముందు తాడు. ఎప్పుడూ చేతికి చుట్టుకోకండి, నడుముకి కట్టుకోకండి. మిగిలిన తాడుని మడతలుగా పట్టుకుంటే గుర్రం లాగినప్పుడు జారిపోతుంది. మెడకి ఉరిముడి వెయ్యొద్దు. గుంజకి కట్టినా కొస లాగితే ఊడిపోయే ముడే వెయ్యాలి. అవసరమైతే తాడు కోయడానికి జేబులో చిన్న చాకు ఉంచుకోండి.

రెండోది చప్పుడు. చుక్కకి తిరిగి ధైర్యం చెప్పడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. అది మేత మేస్తుంటే సెల్‌ఫోన్‌లో తప్పెటగుళ్లు పెట్టి ఫోన్‌ని వంద గజాల దూరంలో ఉంచేవాణ్ణి. నమలడం ఆగలేదంటే మర్నాడు పది గజాలు దగ్గరికి. ఆగిందంటే వెనక్కి. నమలడమే కొలత. తర్వాత నిజం డప్పు, గొడుగు తెరవడం, గాలికి కొట్టుకునే ఫ్లెక్సీ, హారన్. ఒక రోజు ఒకటే. దగ్గర్లో చిన్న జాతర ఏదైనా ఉంటే పందెం లేకుండా ఊరికే తీసుకెళ్లండి. గంట నిలబెట్టి తెచ్చేయండి. తోడుగా ముసలి, నిదానమైన గుర్రం ఉంటే ఇంకా మంచిది. పక్కగుర్రం బెదరకపోతే ఇదీ బెదరదు.

జనం విషయంలో గుర్రం కన్ను ఎలా చూస్తుందో తెలియాలి. కళ్లు పక్కలకి ఉండటం వల్ల చుట్టూ దాదాపు అంతా కనబడుతుంది, తోక వెనక మాత్రం కనబడదు. ముక్కుకి సరిగ్గా ఎదురుగా దగ్గర్లో కూడా కనబడదు. సెల్ఫీ కోసం వెనకనుంచి వచ్చి తట్టేవాడికి తన్ను తగిలేది అందుకే. పిల్లల్ని వెనక్కి రానివ్వకుండా చూడటానికే ఒక మనిషిని పెట్టండి. ఆ మనిషికి వేరే పనేదీ చెప్పకండి.

వయసు ఎంతో అమ్మినవాడి మాట మీద వదిలేయొద్దు, నోరు తెరిచి చూడండి. ముందు పళ్లలో మధ్య రెండు పాలపళ్లు ఊడి గట్టిపళ్లు వచ్చేది రెండున్నరేళ్లకి, వాటి పక్కవి మూడున్నరకి, చివరివి నాలుగున్నరకి. చివరివి ఇంకా పాలపళ్లే అయితే దాని ఎముక పూర్తిగా ముదరలేదు. వెన్నెముక గట్టిపడటానికి అయిదారేళ్లు పడుతుంది. ఆలోగా బరువైన మనిషిని ఎక్కించి దౌడు తీయిస్తే ఒక పందెం గెలవొచ్చు, కానీ మూడేళ్ల తర్వాత అది కుంటుతుంటే చూడలేరు.

కొండ గుర్రం గిట్ట గట్టిది. చాలావాటికి లాడం లేకుండానే సరిపోతుంది. తారురోడ్డు పందెమని ముందురోజు లాడం కొట్టించకండి. మేకు ఒక్కటి లోపలి మెత్తటి భాగాన్ని తాకినా పందెంలోనే తెలుస్తుంది. కొట్టించేటట్టయితే కనీసం పదిహేను రోజుల ముందు.

టీకా కూడా ఇప్పుడే. పశువులన్నిట్లో ధనుర్వాతం గుర్రాన్ని పట్టినట్టు దేన్నీ పట్టదు. చిన్న మేకు గుచ్చుకున్నా చాలు. ఇంతకుముందు టీకా పడని కొండ గుర్రానికి నాలుగు వారాల తేడాతో రెండు డోసులు పడాలి. పండగ వారంలో పరిగెడితే లాభం లేదు. పశువుల డాక్టరుగారి దగ్గరికి వెళ్లినప్పుడే రక్తపరీక్ష సంగతీ అడగండి. జోరీగలు కుట్టడం వల్ల వచ్చే సర్రా జబ్బు ఉంటే జ్వరం వస్తూ పోతూ ఉంటుంది, గుర్రం చిక్కిపోతుంది, పొట్ట కింద, కాళ్లకి నీరు దిగుతుంది. గ్లాండర్స్ అనే అంటుజబ్బు అయితే ఇంకా భయం, అది మనుషులకీ అంటుతుంది. అందుకే పందెం దగ్గర ఊరుమ్మడి తొట్టిలో నీళ్లు తాగించొద్దు. మీ బకెట్టు మీరు పట్టుకెళ్లండి.

మేత దగ్గర మనవాళ్ల ప్రేమే ప్రమాదం. పందెం గుర్రమనగానే ఉలవగుగ్గిళ్లు, బెల్లం, గుడ్లు కుమ్మరిస్తారు. కొండ మీద గడ్డి తిని పెరిగిన పొట్ట అది. దాణా ఏదైనా పది రోజుల మీద కొంచెంకొంచెంగా పెంచాలి. గుర్రం వాంతి చేసుకోలేదు, లోపలికి పోయింది బయటికి రాదు. కడుపునొప్పి వచ్చిందంటే పొట్టకేసి తిరిగి చూస్తుంది, కాలితో నేల గీరుతుంది, పడి దొర్లుతుంది. అలా కనబడితే నాటువైద్యం మొదలుపెట్టకుండా 1962కి ఫోన్ చేయండి. సంచార పశువైద్యశాల బండి వస్తుంది. సారా పట్టించమనీ, హుషారు ఇంజక్షన్ వేయమనీ చెప్పేవాళ్లుంటారు. వాళ్లని గుర్రం దగ్గరికి రానివ్వకండి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం అలాంటివి ఇవ్వడం నేరం, గుర్రానికైతే ప్రాణం మీదికొస్తుంది.

బండి ఎక్కించడం పండగ పొద్దున్న నేర్పేది కాదు. నెల ముందు నుంచీ బొలెరో వెనక మేత పెట్టి దానంతటది ఎక్కేలా చేయండి. అడుగున ఇసక, దాని మీద గడ్డి పరిస్తే కాలు జారదు.

పందెం పొద్దున్న జీను వెయ్యకముందే నాడి చూడండి. కింది దవడ ఎముక లోపలి అంచున వేలు పెట్టి మెల్లగా జరిపితే పెన్సిలు మందాన నరం తగులుతుంది. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. నిలబడి ఉన్న గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 మధ్య ఉండాలి. మొదట్లో దొరకదు, అందుకే ఇంటి దగ్గర రోజూ అలవాటు చేసుకోండి. ఒంటి వేడి 38.5 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆ రోజు పందెం లేదు.

తర్వాత పరిగెత్తాల్సిన దారంతా మీరు కాలినడకన తిరగండి. కోసిన మళ్లలో ఎలకబొరియలు, గట్లు, నెర్రెలు ఉంటాయి. మలుపు దగ్గర జనం ఎటు నిలబడతారో, కంచె ఎక్కడుందో చూడండి. గుర్రం అదుపు తప్పితే ఎటు తిప్పాలో అప్పుడే అనుకోవాలి. ఎక్కేవాడికి హెల్మెట్ ఉండాలి, కాలికి మడమ ఉన్న బూటు ఉండాలి. చెప్పులేసుకుంటే పాదం రికాబులో దూరిపోయి ఇరుక్కుంటుంది.

దింపొద్దని చెప్పే గుర్తులు మూడు చెబుతాను. నిలబడినచోటే చెమట కారడం, మీరు పిలిచినా చెవి ఇటు తిప్పకపోవడం, పదేపదే పలచగా పేడ వెయ్యడం. ఏ ఒక్కటున్నా ఇంటికి తీసుకొచ్చేయండి. ఈ మాట ముందురాత్రే ఇంట్లో అందరికీ చెప్పి ఒప్పించండి. బావమరిది పందెం కాశాడనో, పేరు పిలిచేశారనో అక్కడ టెన్షన్‌లో ఎవరూ వెనక్కి రాలేరు.

పరుగయ్యాక నీళ్లు పెట్టకూడదని మా తాత కూడా అనేవాడు. అది సరి కాదు. వేడెక్కిన గుర్రానికి నీళ్లు తాగనివ్వాలి, ఒంటి మీద చల్లటి నీళ్లు మళ్లీమళ్లీ పోయాలి, మధ్యమధ్యలో నడిపించాలి. దాణా మాత్రం ఊపిరి పూర్తిగా కుదుటపడ్డాకే. దూరపు పరుగు పోటీల్లో నాడి 64కి దిగితేగానీ డాక్టర్లు గుర్రాన్ని ముందుకి పంపరు. మీరూ ఆ లెక్కే పెట్టుకోండి. అరగంటైనా దిగకపోతే డాక్టరుకి చూపించాలి.

ఆ రాత్రి పడుకునే ముందు నాలుగు కాళ్లూ మోకాలి నుంచి గిట్ట దాకా అరచేత్తో తడమండి. ఒక కాలు మిగతావాటికంటే వెచ్చగా తగిలితే అక్కడ దెబ్బుంది. మర్నాడు పొద్దున్న గట్టినేల మీద పదడుగులు నడిపించి తల చూడండి. ముందుకాలు నొప్పైతే, ఆ కాలు నేల మీద పడ్డప్పుడల్లా తల పైకి లేస్తుంది. ఏం లేకపోయినా నాలుగు రోజులు వీపు మీద ఎవరూ ఎక్కకండి, తాడు వదులుగా పట్టుకుని చెరువుగట్టు మీద మేపుకు రండి.