సీసపు గాజు నల్లబడితే: నా అనుభవం

నెల్లూరులో మా ఇంటి వెనుక షెడ్డులో విద్యుత్ కొలిమితో గాజు పోత పోస్తుంటాను. 24 శాతానికి పైగా లెడ్ ఆక్సైడ్ (సీసపు ఆక్సైడ్) ఉన్న క్రిస్టల్ గాజుతో పోసిన మొదటి వినాయకుడు బూడిద రంగు పొరతో బయటికి వచ్చాడు. ఎంత బాధ కలిగిందో! మైనపు బొమ్మ చుట్టూ అచ్చు కట్టి, మైనం తీసేసి, ఆ ఖాళీలోకి గాజు కరిగిస్తాను. కారణం ఆ అచ్చులో మిగిలిన మైనం. అది కాలుతూ ఆక్సిజన్‌ను లాగేసుకుంటే గాజు పైపొరలోని సీసం లోహంగా మారి నల్లబడుతుంది. రెండోసారి ఆవిరి పట్టి మైనమంతా కరిగించి తీశాను. 500 డిగ్రీలు దాటేవరకు కొలిమి గాలి రంధ్రం తెరిచే ఉంచాను. తేటగా వచ్చింది.

అసలు భయపడాల్సింది అరగదీసేటప్పుడు. ఆ ధూళితో సీసం ఒంట్లోకి చేరుతుంది. నీళ్లు పడుతుండగానే అరగదీస్తాను, మాస్కు తీయను, నేలను ఊడవకుండా తడిగుడ్డతో తుడుస్తాను. ఆ బట్టలతో పిల్లలను ఎత్తుకోను.