స్కాన్ చేసిన పత్రాలను డేటాబేస్‌లో పెట్టి, పెట్టింది పెట్టినట్టే తిరిగి తీయడం ఎలా?

మా బాబాయి దస్తావేజు లేఖరి. రిజిస్ట్రేషన్‌కి వచ్చిన ప్రతి పార్టీ సేల్ డీడ్, లింక్ డాక్యుమెంట్లు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), పాస్‌బుక్ కాపీ స్కాన్ చేసి కంప్యూటర్‌లో ఉంచుకుంటాడు. ఏ ఫైల్ ఎవరిదో, ఏ ఫోల్డర్‌లో ఉందో ఒక ఎక్సెల్ షీట్‌లో రాసుకునేవాళ్లు. ఒకరోజు ఆఫీసులో పనిచేసే కుర్రాడు మంచి ఉద్దేశంతోనే ఫోల్డర్లన్నీ సంవత్సరాల వారీగా సర్దాడు. షీట్‌లో రాసిన దారులన్నీ ఆ పూటతో పనికిరాకుండా పోయాయి. ఫైళ్లు ఎక్కడికీ పోలేదు. కానీ ‘స్కాన్0047’ ఎవరి పొలానిదో చెప్పేవాళ్లు లేరు. బ్యాంకు లోన్ కోసం పాత డీడ్ కాపీ అడగడానికి వచ్చిన ఒక పెద్దాయన ఆరోజు చీకటి పడేదాకా బల్ల మీద కూర్చున్నాడు.

ఆ టెన్షన్ చూశాక నేను చేసిన పని, ఫైల్‌నీ దాని వివరాలనూ ఒకే డేటాబేస్‌లో పెట్టడం. పెడితే రెండూ కలిసి పడాలి, లేదా రెండూ పడకూడదు. అలా ఎలా చేయాలో చెబుతాను. ఉదాహరణలు ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఇస్తున్నాను. అది ఉచితం, సర్వర్ అక్కర్లేదు, డేటాబేస్ మొత్తం ఒక్క ఫైల్‌లో ఉంటుంది. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ లాంటి వేరే డేటాబేస్‌లు వాడేవాళ్లకి తేడా ఉన్నచోట చెబుతాను.

ముందు తేల్చుకోవాల్సింది: ఫైల్ లోపలా, బయటా?

ఫైల్‌ని డేటాబేస్‌లోనే బైట్లుగా దాచవచ్చు. అలాంటి డేటాను బ్లాబ్ అంటారు. లేదంటే ఫైల్‌ని డిస్క్ మీద ఉంచి, దాని దారి మాత్రం టేబుల్‌లో రాయవచ్చు. 2006లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో జిమ్ గ్రే బృందం ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి పరీక్షించింది. 256 కేబీ లోపు ఫైళ్లకి డేటాబేస్ మేలు, 1 ఎంబీ దాటితే ఫైల్ సిస్టమ్ మేలు అని తేల్చింది. అది మైక్రోసాఫ్ట్ డేటాబేస్ అయిన ఎస్‌క్యూఎల్ సర్వర్ అప్పటి వెర్షన్ మీద, వేగం గురించి చేసిన పరీక్ష. చిన్న ఆఫీసుకి వేగం అంత పెద్ద సమస్య కాదు. వివరాలు ఒకచోట, కాగితం ఇంకోచోట అవడమే అసలు బెడద. కాబట్టి కొన్ని ఎంబీల లోపు స్కాన్లయితే లోపలే పెట్టండి. వీడియోలు, వందల పేజీల పుస్తకాలు అయితే బయట ఉంచండి.

ఎంత పెట్టవచ్చో కూడా తెలిసి ఉండాలి. ఎస్‌క్యూలైట్‌లో ఒక బ్లాబ్‌కి మామూలుగా 100 కోట్ల బైట్ల హద్దు. పోస్ట్‌గ్రెస్‌లో ‘బైటియా’ అనే రకం 1 జీబీ దాకా పడుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో మాత్రం పేరు చూసి మోసపోకండి. అందులో ‘బ్లాబ్’ అని రాస్తే దక్కేది 65,535 బైట్లే. ఒక్క పేజీ స్కాన్ కూడా అందులో పట్టకపోవచ్చు. స్ట్రిక్ట్ మోడ్ (హద్దు దాటితే ఎర్రర్ ఇచ్చి ఆపే సెట్టింగ్) లేని పాత ఇన్‌స్టలేషన్లలో అయితే మిగతా బైట్లను కోసేసి, ఒక వార్నింగ్‌తో సరిపెడుతుంది. ఫైల్ పడిందనే అనుకుంటాం, తెరిచే రోజు వచ్చేదాకా తెలియదు. 16 ఎంబీ దాకా ‘మీడియంబ్లాబ్’, 4 జీబీ దాకా ‘లాంగ్‌బ్లాబ్’ ఉన్నాయి. ‘మ్యాక్స్ అలౌడ్ ప్యాకెట్’ అనే సెట్టింగ్ కూడా చూసుకోండి. 8.0 వెర్షన్ సర్వర్‌లో అది మామూలుగా 64 ఎంబీ, అంతకు మించిన ఫైల్‌ని ఒకేసారి పంపలేరు.

స్కాన్ చేసేటప్పుడే సైజు తగ్గించుకోవడం మంచిది. ఏ4 కాగితాన్ని 300 డీపీఐలో కలర్ స్కాన్ చేస్తే 2480 × 3508 పిక్సెళ్లు వస్తాయి. కంప్రెస్ చేయకపోతే ఒక్క పేజీకే దాదాపు 26 ఎంబీ. కంప్రెస్ చేసిన పీడీఎఫ్‌గా దాచండి.

టేబుల్స్ రెండు

అన్నీ ఒకే టేబుల్‌లో పెట్టాలనిపిస్తుంది. వద్దు. ‘పత్రాలు’ అని ఒకటి వివరాలకి, ‘కాపీలు’ అని ఒకటి బైట్లకి పెట్టండి. లేకపోతే జాబితా చూడటానికి ‘సెలెక్ట్ స్టార్’ (కాలమ్‌లన్నీ చూపించమనే కమాండ్) కొట్టిన ప్రతిసారీ డేటాబేస్ పీడీఎఫ్‌లన్నిటినీ మోసుకొస్తుంది.

పత్రాలు టేబుల్‌లో ఐడీ, పత్రం రకం, పార్టీ పేరు, ఊరు, సర్వే నంబర్, అసలు ఫైల్ పేరు, మైమ్ టైప్ (అది పీడీఎఫ్‌నా, బొమ్మనా అని చెప్పే గుర్తు), సైజు బైట్లలో, షా-256 హ్యాష్ (ఇదేంటో కింద చెబుతాను), చేర్చిన తేదీ ఉండాలి. రిజిస్టరైన పత్రమైతే డాక్యుమెంట్ నంబర్, సంవత్సరం, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు మూడింటికీ మూడు కాలమ్‌లు పెట్టండి. జనం పత్రాన్ని అడిగేది ఆ మూడింటితోనే. వాటి మీద ఇండెక్స్ (త్వరగా వెతకడానికి డేటాబేస్ ఉంచుకునే సూచిక) కూడా వేయండి.

సర్వే నంబర్ పేరులోనే నంబర్ ఉంది కదా అని ఇంటీజర్ కాలమ్ పెట్టకండి. ‘112/2’, ‘45/అ’ అందులో ఎలా పడతాయి? టెక్స్ట్ కాలమే పెట్టండి.

అసలు ఫైల్ పేరుకి విడిగా కాలమ్ ఎందుకంటే, లినక్స్‌లో సాధారణంగా ఫైల్ పేరుకి 255 బైట్ల హద్దు ఉంటుంది. అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ ఒక్కోటి 3 బైట్లు. ‘శ్రీ’ మన కంటికి ఒక్క అక్షరమే, లోపల మాత్రం శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం 4 కోడ్లు, 12 బైట్లు. ఊరు, ఇంటిపేరు, తండ్రి పేరు అన్నీ కలిపి తెలుగులో పేరు పెడితే హద్దు ఇట్టే వచ్చేస్తుంది. పూర్తి పేరు టేబుల్‌లో ఉంచి, బయటికి తీసేటప్పుడు ఐడీనే ఫైల్ పేరుగా ఇస్తే ఆ గొడవ ఉండదు.

కాపీలు టేబుల్‌లో రెండే కాలమ్‌లు. పత్రం ఐడీ, బ్లాబ్. బ్లాబ్‌కి ‘నాట్ నల్’ (నల్ అంటే విలువ లేని ఖాళీ, అది కుదరదని చెప్పే నిబంధన) తప్పనిసరిగా పెట్టండి, ఎందుకో ఇప్పుడే తెలుస్తుంది. రెండు టేబుల్స్‌కీ మధ్య ఫారిన్ కీ, అంటే పత్రాలు టేబుల్‌లో లేని ఐడీని కాపీలు టేబుల్‌లో పడనివ్వని ముడి, వేయండి. ఎస్‌క్యూలైట్‌లో ఫారిన్ కీ తనిఖీ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. కనెక్ట్ అయిన ప్రతిసారీ ‘ప్రాగ్మా’ అనే సెట్టింగ్ కమాండ్‌తో ఆన్ చేయాలి.

లోపల పెట్టడం

ఎస్‌క్యూలైట్ కమాండ్ లైన్ టూల్‌లో ‘రీడ్‌ఫైల్’ అనే ఫంక్షన్ ఉంది. ఇన్సర్ట్ కమాండ్‌లో బ్లాబ్ విలువ ఉండాల్సిన చోట రీడ్‌ఫైల్ రాసి, బ్రాకెట్లలో ఫైల్ దారి ఇస్తే చాలు, బైట్లన్నీ టేబుల్‌లోకి వచ్చేస్తాయి. దారిలో ఒక్క అక్షరం తప్పు పడిందంటే అది నల్ ఇస్తుంది, ఎర్రర్ ఇవ్వదు. ‘నాట్ నల్’ పెట్టి ఉంటే డేటాబేస్ అక్కడే ఆపేస్తుంది. లేకపోతే ఖాళీ పత్రం నిశ్శబ్దంగా చేరిపోతుంది.

ప్రోగ్రాం రాసేవాళ్లకి పైథాన్‌లో ఎస్‌క్యూలైట్ మాడ్యూల్ ముందే ఉంటుంది. ఫైల్‌ని ‘ఆర్‌బీ’ మోడ్‌లో, అంటే బైట్లుగా తెరవండి. టెక్స్ట్‌గా తెరిస్తే పీడీఎఫ్ పాడవుతుంది, లేదా ప్రోగ్రాం అక్కడే ఆగిపోతుంది. విలువలను కమాండ్‌లో అతికించి రాయకుండా, వాటి చోట ప్రశ్నార్థకం గుర్తులు పెట్టి విడిగా పంపండి. పార్టీ పేరులో ఒక కొటేషన్ గుర్తు ఉన్నా కమాండ్ విరగదు, ఎవరైనా కావాలని చెడు కమాండ్ దూర్చాలన్నా కుదరదు. బైట్లను బేస్64 అనే అక్షరాల రూపంలోకి మార్చి టెక్స్ట్ కాలమ్‌లో పెట్టేవాళ్లనూ చూశాను. దానివల్ల సైజు మూడో వంతు పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు.

వరుస ఇలా ఉండాలి: ట్రాన్సాక్షన్ (అన్నీ కలిసి పడే, లేదా ఏదీ పడని పనుల కట్ట) మొదలుపెట్టండి, వివరాలు చేర్చండి, వచ్చిన ఐడీతో బైట్లు చేర్చండి, అప్పుడు కమిట్ చేయండి, అంటే ఖాయం చేయండి. మధ్యలో కరెంటు పోయినా సగం పత్రం మిగలదు.

షా-256 హ్యాష్ అంటే ఫైల్‌కి వేలిముద్ర లాంటిది. 64 అక్షరాలు ఉంటుంది. ఫైల్‌లో ఒక్క బైటు మారినా మొత్తం మారిపోతుంది. లోపల పెట్టడానికి ముందే లెక్కించి రాసిపెట్టండి. విండోస్‌లో ‘సెర్ట్‌యుటిల్’, లినక్స్‌లో ‘షా256సమ్’ కమాండ్లు ఆ పని చేస్తాయి. ఆ కాలమ్‌కి ‘యునీక్’ పెడితే ఒకే ఫైల్ రెండు పేర్లతో రెండుసార్లు చేరదు. అదే కాగితాన్ని మళ్లీ స్కాన్ చేస్తే మాత్రం హ్యాష్ వేరేది వస్తుంది. అలాంటి డూప్లికేట్‌ని మనమే చూసి పట్టుకోవాలి.

తిరిగి తీయడం

ముందు పత్రాలు టేబుల్‌లో వెతికి ఐడీ పట్టుకోండి. తర్వాతే బ్లాబ్ జోలికి వెళ్లండి. సెలెక్ట్ కమాండ్‌లో ‘రైట్‌ఫైల్’ ఫంక్షన్‌కి కొత్త ఫైల్ పేరు, బ్లాబ్ కాలమ్ ఇచ్చి, ‘వేర్’ దగ్గర ఐడీ రాయండి. ఫైల్ డిస్క్ మీద తయారవుతుంది, స్క్రీన్ మీద ఒక అంకె కనిపిస్తుంది. అది రాసిన బైట్ల లెక్క. మనం టేబుల్‌లో రాసుకున్న సైజుతో అది సరిపోవాలి. నేను ఆ అంకె చూడకుండా ఏ కాపీనీ ఎవరికీ ఇవ్వను.

ఆ తర్వాత బయటికి వచ్చిన ఫైల్‌కి హ్యాష్ తీసి, టేబుల్‌లో ఉన్నదానితో పోల్చండి. రెండూ ఒకటైతే పెట్టింది పెట్టినట్టు వచ్చినట్టే.

వెబ్ పేజీ ద్వారా డౌన్‌లోడ్ ఇస్తుంటే ‘కంటెంట్ టైప్’ హెడర్‌లో మైమ్ టైప్, ‘కంటెంట్ డిస్పొజిషన్’ హెడర్‌లో ఫైల్ పేరు పంపాలి. తెలుగు పేరుని యూటీఎఫ్-8 పర్సెంట్ ఎన్‌కోడింగ్‌లో పంపండి, లేకపోతే పార్టీ పేరు చెత్త గుర్తులుగా దిగుతుంది.

పీడీఎఫ్ లోపలి మాటలను వెతుకుదాంలే అని వివరాలు టైప్ చేయడం మానకండి. స్కాన్ అంటే బొమ్మ, అందులో వెతకడానికి అక్షరాలు ఉండవు. యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైప్ చేసిన పాత డ్రాఫ్టులదీ ఇంచుమించు అదే కథ. కంటికి తెలుగే, లోపల వేరే కోడ్లు. పేరు, ఊరు యూనికోడ్‌లో టైప్ చేసి ఉంటేనే దొరుకుతాయి.

బ్యాకప్, భద్రత

డేటాబేస్ ఒకే ఫైల్ కావడం ఎంత సుఖమో అంత ప్రమాదం. పెన్‌డ్రైవ్‌లో ఆ ఒక్క ఫైల్ ఎక్కించుకుంటే వందల కుటుంబాల కాగితాలు బయటికి పోతాయి. కంప్యూటర్ డిస్క్‌ని విండోస్‌లోని బిట్‌లాకర్ లాంటిదానితో ఎన్‌క్రిప్ట్ చేయండి, బ్యాకప్ డ్రైవ్‌ని కూడా వదలకండి. గుర్తింపు కోసం దాచుకునే ఆధార్ కాపీ, చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ అయితే చాలు. పని అయిపోయి, చట్టప్రకారం ఉంచాల్సిన అవసరం లేని కాపీలను తీసేయండి. అవి మనవి కావు, నమ్మి ఇచ్చినవాళ్లవి. డిలీట్ చేసినంత మాత్రాన ఎస్‌క్యూలైట్ ఫైల్ చిన్నది కాదు, పాత బైట్లు ఖాళీ చోటులో ఉండిపోవచ్చు. ‘వ్యాక్యూమ్’ కమాండ్ ఇస్తేనే ఫైల్ కొత్తగా సర్దుకుంటుంది.

ప్రోగ్రాం నడుస్తుండగా డేటాబేస్ ఫైల్‌ని కాపీ పేస్ట్ చేసి బ్యాకప్ అనుకోకండి. రాత మధ్యలో తీసిన కాపీ పాడై ఉండవచ్చు. కమాండ్ లైన్ టూల్‌లో ‘బ్యాకప్’ కమాండ్ ఉంది, అది వాడండి.

నెలకోసారి మేం చేసేది ఇదీ: బ్యాకప్‌ని వేరే కంప్యూటర్‌లో తెరుస్తాం. ఏదో ఒక పాత డాక్యుమెంట్ నంబర్ బాబాయి చెబుతాడు. నేను దాన్ని వెతికి, బయటికి తీసి, హ్యాష్ పోల్చి, పీడీఎఫ్ తెరుస్తాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చివరి పేజీలో సాక్షుల సంతకాలు కనిపిస్తున్నాయో లేదో చూస్తాడు. అయ్యాక ఆ తేదీ డైరీలో రాసుకుంటాం.