తక్కువ బడ్జెట్‌లో గేమింగ్ కంప్యూటర్: విడిభాగాలు ఎలా ఎంచుకోవాలి?

గేమింగ్ కోసం సొంతంగా కంప్యూటర్ అమర్చుకోవాలనుకునే హైదరాబాద్ కుర్రాళ్లు చాలామంది ముందుగా సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అందరి నోటా సీటీసీగా పలికే చోటికి వెళ్లి, చేతిలో ఉన్న మొత్తం చెప్పి కొటేషన్ రాయించుకుంటారు. అది చేయవలసిన పనే, కానీ చివర చేయవలసిన పని. ఏ భాగానికి ఎంత పెట్టాలో, ఎక్కడ తగ్గించుకోవచ్చో, ఎక్కడ ఎంతమాత్రం తగ్గించకూడదో ఇంట్లో కాగితం మీద తేల్చుకున్న తరువాతే దుకాణానికి బయలుదేరాలి. బడ్జెట్ బిగువుగా ఉన్నప్పుడు ఒక చోట అనవసరంగా పోయిన మూడు నాలుగు వేలు గ్రాఫిక్స్ కార్డును ఒక మెట్టు కిందికి దించేస్తాయి.

ఈ వ్యాసంలో ధరలు ఇవ్వడం లేదు. 2025 చివరి నుంచి ర్యామ్, ఎస్‌ఎస్‌డీల ధరలు బాగా పెరిగాయి కనుక ఈ రోజు రాసిన అంకె వచ్చే నెలకు పనికిరాకపోవచ్చు. ఎంచుకునే పద్ధతి మాత్రం మారదు. మానిటర్‌ను పక్కన పెడితే, మొత్తం ఖర్చులో 35 నుంచి 40 శాతం వరకు గ్రాఫిక్స్ కార్డుకే కేటాయించి, మిగిలినదాన్ని తక్కిన భాగాలకు సర్దుకోవడం మంచి లెక్క.

ముందు మానిటర్ సంగతి తేల్చండి

ఎన్ని చుక్కలను (పిక్సెళ్లను), సెకనుకు ఎన్నిసార్లు గీయాలన్నదే గ్రాఫిక్స్ కార్డు మీద పడే భారం. 1080పీ తెరలో దాదాపు 20.7 లక్షల పిక్సెళ్లు ఉంటే, 1440పీ తెరలో 36.9 లక్షలు ఉంటాయి. అంటే తెర మారిస్తే చాలు, కార్డు పని ఇంచుమించు 78 శాతం పెరుగుతుంది. అందువల్ల తక్కువ బడ్జెట్‌లో 24 అంగుళాల 1080పీ మానిటరే సరైన ఎంపిక. వాలొరెంట్, కౌంటర్-స్ట్రైక్ 2 వంటి పోటీ ఆటలు ఆడేవారు 144 హెర్ట్జ్ (సెకనుకు 144 సార్లు బొమ్మ మారేది) లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నది తీసుకోవాలి. 60 హెర్ట్జ్ తెర మీద ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు నిలుస్తుంది, 144 హెర్ట్జ్‌లో 6.9 మిల్లీసెకన్లకే మారిపోతుంది. గురి చూసి కాల్చే ఆటల్లో ఆ తేడా చేతికి తెలుస్తుంది. కథ ప్రధానంగా సాగే ఆటలే ఆడేవారికి ఇంట్లో ఇప్పటికే ఉన్న 60 హెర్ట్జ్ మానిటర్ సరిపోతుంది, ఆ డబ్బు కార్డుకు మిగులుతుంది.

గ్రాఫిక్స్ కార్డు: పేరు కాదు, పెట్టె మీది వివరం చదవండి

కొత్త ఆటలకు 8 జీబీ వీడియో మెమరీ కనీస అవసరంగా పెట్టుకోండి. రేడియాన్ ఆర్ఎక్స్ 6600 (8 జీబీ), జీఫోర్స్ ఆర్‌టీఎక్స్ 3060 (12 జీబీ), ఆర్‌టీఎక్స్ 4060 (8 జీబీ), 2024 డిసెంబర్‌లో వచ్చిన ఇంటెల్ ఆర్క్ బి580 (12 జీబీ) ఈ తరహా కంప్యూటర్లకు తగినవి. కొనే రోజున వీటిలో ఏది దొరికితే, ఏది చవకగా వస్తే అది చూసుకోవచ్చు. అయితే ఆర్క్ కార్డు సరిగా పని చేయాలంటే బయాస్‌లో (మదర్‌బోర్డు మూల సెట్టింగ్స్‌లో) కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి చేరుకోనిచ్చే రీసైజబుల్ బార్ అనే సౌకర్యం ఉండి, అది ఆన్ అయి ఉండాలి. పాత బోర్డు మీద పెట్టదలచినవారు దాని జోలికి వెళ్లకపోవడమే మేలు.

ఎక్కువమంది పొరపడేది పేర్ల దగ్గర. ఆర్‌టీఎక్స్ 3050 పేరుతోనే 8 జీబీ కార్డు ఒకటి, 6 జీబీ కార్డు ఒకటి ఉన్నాయి. మొదటిదానిలో 2560 కోర్లు, 128 బిట్ మెమరీ దారి ఉంటే, రెండోదానిలో 2304 కోర్లు, 96 బిట్ దారి మాత్రమే ఉన్నాయి. ఆర్‌టీఎక్స్ 3060లోనూ 12 జీబీది 192 బిట్, 8 జీబీది 128 బిట్. కొటేషన్‌లో "3060" అని మాత్రమే రాసి ఉంటే, ఏ 3060 అని అడిగి, జీబీతో సహా రాయించుకోవాలి. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ చవకగా కనిపించినా దానికి ఉన్నవి 4 జీబీ మెమరీ, నాలుగు పీసీఐ లేన్లు (కార్డుకూ బోర్డుకూ మధ్య డేటా దారులు), పాత తరం పీసీఐ 3.0 బోర్డు మీద దాని వేగం ఇంకా పడిపోతుంది.

సెకండ్ హ్యాండ్ కార్డు కొనడం తప్పేమీ కాదు. కళ్ల ముందు కంప్యూటర్‌కు తగిలించి, కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో కోర్ల సంఖ్య, మెమరీ సరిపోలుతున్నాయో చూసి, ఫర్‌మార్క్ లాంటి పరీక్షను పావుగంటైనా నడిపించి, తెర మీద గీతలు, చుక్కలు రావడం లేదని నిర్ధారించుకున్నాకే డబ్బు ఇవ్వండి. ఇలా చూపించడానికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర, ధర ఎంత తక్కువైనా కొనకండి.

ప్రాసెసర్, మదర్‌బోర్డు జంటగా

ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు ఉన్న ఏఎమ్‌డీ రైజెన్ 5 5600, ఇంటెల్ కోర్ ఐ5-12400ఎఫ్ పైన చెప్పిన ఏ కార్డుకైనా సరిపోతాయి. మరీ బిగువుగా ఉంటే నాలుగు కోర్ల కోర్ ఐ3-12100ఎఫ్‌తో మొదలుపెట్టి, తరువాత అదే బోర్డు మీద పెద్ద ప్రాసెసర్ వేసుకోవచ్చు. ఇంటెల్ పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే ఆ ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉండదు, రైజెన్ 5 5600లోనూ లేదు. కాబట్టి గ్రాఫిక్స్ కార్డు లేకుండా వీటితో తెర మీద బొమ్మ రాదు. కార్డు ఆరు నెలల తరువాత కొంటామనేవారు రైజెన్ 5 5600జీ తీసుకోవచ్చు, కానీ దానిలో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) 5600లో ఉన్నదానిలో సగమే, పైగా అది పీసీఐ 3.0కే పరిమితం, మంచి కార్డు వేసిన రోజున అది 5600 కన్నా వెనకబడుతుంది.

రైజెన్ 5000 వరసకు ఏఎమ్4 సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు), డీడీఆర్4 ర్యామ్ కావాలి. 2022లో వచ్చిన ఏఎమ్5 సాకెట్‌కు డీడీఆర్5 తప్ప మరొకటి పనికిరాదు. ముందు ముందు ప్రాసెసర్ మార్చుకునే వీలు ఏఎమ్5లోనే ఎక్కువ, కానీ ఈనాటి ఆటలకు ఈనాటి డబ్బుతో కొనేవారికి ఏఎమ్4 ఇంకా గిట్టుబాటే అని నా అభిప్రాయం. ఇంటెల్ 12వ తరం ప్రాసెసర్లకు డీడీఆర్4 బోర్డులూ, డీడీఆర్5 బోర్డులూ రెండూ ఉన్నాయి. ఒకదాని ర్యామ్ మరొకదాని స్లాట్‌లో పట్టదు కనుక బోర్డు పూర్తి పేరు చూసే ర్యామ్ కొనాలి.

బోర్డు విషయంలో ఆశ పెంచుకోనవసరం లేదు. రైజెన్‌కు బి550, ఇంటెల్‌కు హెచ్610 చాలు. బి450 బోర్డు పాత స్టాకైతే రైజెన్ 5000ను గుర్తుపట్టడానికి బయాస్ అప్‌డేట్ చేయవలసి రావచ్చు, కాబట్టి దుకాణంలోనే చేసి ఇమ్మనండి. ప్రాసెసర్ సీలు వేసిన పెట్టెలో వచ్చినదే తీసుకోవాలి. 5600, 12400ఎఫ్ రెండింటికీ పెట్టెలోనే కూలర్ వస్తుంది. ట్రే ప్రాసెసర్ (పెట్టె లేకుండా విడిగా అమ్మేది) కొంచెం చవకే కానీ కూలర్ ఉండదు, వారంటీ కూడా అమ్మినవారి మాట మీదే ఆధారపడి ఉంటుంది.

ర్యామ్, ఎస్‌ఎస్‌డీ

16 జీబీ ర్యామ్‌ను ఒకే స్టిక్కుగా కాక 8 జీబీవి రెండుగా తీసుకోండి. రెండు చానెళ్లలో పని చేసినప్పుడు ఆటల్లో వేగం స్పష్టంగా మెరుగవుతుంది. డీడీఆర్4 అయితే 3200 వేగం సరిపోతుంది. ఎస్‌ఎస్‌డీ ఎన్‌వీఎంఈ రకం (పీసీఐ దారి మీద నడిచే వేగమైనది) కావాలి, వీలైతే 1 టీబీ, ఎందుకంటే ఒక్కో పెద్ద ఆట 100 జీబీ దాటుతోంది. సెకనుకు 3500 ఎంబీ చదివే జెన్3 (పీసీఐ 3.0) రకం ఆటలకు చాలు, జెన్4కు అదనంగా పెట్టే డబ్బు ఆటలో పెద్దగా కనిపించదు.

ఎస్‌ఎంపీఎస్: ఇక్కడ మాత్రం తగ్గించకండి

కొన్ని కొటేషన్లలో ప్రాసెసర్, కార్డుల పేర్లు పూర్తిగా ఉండి, కంప్యూటర్‌కు విద్యుత్తు అందించే ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) వరస దగ్గరికి వచ్చేసరికి "ఎస్‌ఎంపీఎస్ 450 వాట్" అని మాత్రమే ఉంటుంది. కంపెనీ పేరు ఉండదు. కొన్నిసార్లు అది క్యాబినెట్‌తో పాటు ఉచితమని కూడా చెబుతారు. అప్పుడు ఆ డబ్బాను చేతిలోకి తీసుకుని పక్కన అంటించిన లేబుల్ చదవండి. అందులో +3.3, +5, +12 వోల్టుల గడులు ఉంటాయి. మనకు కావలసినది +12 వోల్టుల గడి, ఎందుకంటే ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ప్రధానంగా దాని మీదే నడుస్తాయి. ఆ గడిలో 18 ఆంపియర్లు అని ఉంటే, 12ను 18తో గుణిస్తే వచ్చేది 216 వాట్లు. పైన 450 అని ఎంత పెద్ద అక్షరాలతో ఉన్నా, ఆటకు అందేది అంతే.

ఇప్పుడు మన అవసరం లెక్క వేద్దాం. ఆర్ఎక్స్ 6600కు 132 వాట్లు, రైజెన్ 5 5600కు గరిష్ఠంగా 76 వాట్లు, కలిపి 208. బోర్డు, ఫ్యాన్లు, ఎస్‌ఎస్‌డీ, ర్యామ్‌లకు మరో 50 వేసుకుంటే 258. గ్రాఫిక్స్ కార్డులు క్షణకాలం పాటు తమ పరిమితిని మించి లాగుతాయి కూడా. అందువల్ల +12 వోల్టుల మీదే 500 వాట్లకు దగ్గరగా ఇచ్చే 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌ను, పేరున్న తయారీదారుది, ఐదేళ్ల వారంటీ ఉన్నది ఎంచుకోవాలి. 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు ఉండటం మంచిదే, కానీ అది విద్యుత్తు ఎంత వృథా అవుతుందో చెప్పే కొలత మాత్రమే. లోపలి భాగాల నాణ్యతకు హామీ కాదు. కార్డుకు కావలసిన 6+2 పిన్ తీగ ఉందో లేదో కూడా చూడండి.

ఇంట్లో పెద్దవాళ్లు కూడబెట్టి ఇచ్చిన డబ్బుతో కొనే కంప్యూటర్‌లో ఈ ఒక్క భాగం నాసిరకమై కాలిపోతే, పోతూ పోతూ బోర్డునూ కార్డునూ వెంట తీసుకుపోగలదు. వేసవిలో గాలివానలకు కరెంటు పోయి వచ్చే మన ఊళ్లో ఇది ఊహించుకున్న భయం కాదు. కంప్యూటర్ పెట్టే గోడ ప్లగ్గుకు ఎర్తింగ్ నిజంగా ఉందో లేదో, ముఖ్యంగా పాత అద్దె ఇళ్లలో, ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. యూపీఎస్ కొంటే 600 వీఏ అంటే సాధారణంగా 360 వాట్లేనని గుర్తుంచుకుని, మానిటర్‌ను కూడా కలిపి లెక్కవేయండి.

క్యాబినెట్, ఎండాకాలం

ఇంటర్నెట్‌లో కనిపించే ఉష్ణోగ్రత పరీక్షలు ఎక్కువగా 20 నుంచి 25 డిగ్రీల గదుల్లో చేసినవి. మే నెలలో ఏసీ లేని గది 35 డిగ్రీలు దాటితే, ఆ పది పదిహేను డిగ్రీలు ప్రాసెసర్ మీదా, కార్డు మీదా కూడా దాదాపు అంతే పెరుగుతాయి. రైజెన్ 5 5600 గరిష్ఠ పరిమితి 90 డిగ్రీలు. అక్కడికి చేరితే వేగం తగ్గించుకుంటుంది. కాబట్టి ముందు భాగం గాజుతో మూసేసి ఉన్న క్యాబినెట్ కాక, జాలీ ఉన్నది, దుమ్ము వడపోత తీసి కడుక్కునే వీలున్నది కొనండి. ముందు గాలి లోపలికి లాగే ఫ్యాన్లు రెండు, వెనుక బయటికి తోసేది ఒకటి ఉంటే చాలు. రంగురంగుల లైట్ల కోసం పెట్టే డబ్బు వీటికి పెట్టండి. కార్డు పొడవు క్యాబినెట్‌లో పడుతుందో లేదో మిల్లీమీటర్లలో సరిచూసుకోండి.

కొనే రోజు, మొదటి వారం

జాబితా సిద్ధమయ్యాక సీటీసీలో రెండు మూడు దుకాణాల్లో అదే జాబితా చూపించి ధర అడగండి, ఆన్‌లైన్ ధరతో పోల్చండి. అన్ని భాగాలూ ఒకే చోట కొంటే బేరానికి వీలుంటుంది, ఏదైనా పని చేయకపోతే ఎవరి తప్పన్న వాదన రాదు. జీఎస్‌టీ 18 శాతం కలిపిన బిల్లే తీసుకోండి. బిల్లు లేకుండా తగ్గిస్తామన్నా ఒప్పుకోవద్దు, ఎందుకంటే వారంటీ అడిగే రోజున చూపించవలసింది అదే. ప్రతి భాగం సీరియల్ నంబరు బిల్లు మీద రాయించుకుని, పెట్టె మీదిదానితో సరిపోల్చుకోండి. ఆన్‌లైన్‌లో తెప్పించినవాటిని సీలు తీసేముందు నుంచి వీడియో తీస్తూ తెరవండి.

బిగించాక మానిటర్ తీగను మదర్‌బోర్డుకు కాక గ్రాఫిక్స్ కార్డుకు తగిలించండి. బయాస్‌లో ర్యామ్ కోసం ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయకపోతే 3200 ర్యామ్ కూడా 2133 లేదా 2666 దగ్గరే ఆగిపోవచ్చు. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో మానిటర్ 60 హెర్ట్జ్ మీద ఉంటే 144కు మార్చండి. ఆ తరువాత, వస్తువు మార్చి ఇచ్చే గడువు ముగియకముందే, మధ్యాహ్నం వేడిలో గంటసేపు బరువైన ఆట ఆడి ఉష్ణోగ్రతలు చూడండి. కంప్యూటర్ దానంతట అది రీస్టార్ట్ అయినా, ఆట మధ్యలో ఆగిపోయినా, బిల్లు తీసుకుని మరుసటి రోజే దుకాణానికి వెళ్లండి.