బధిర విద్యార్థులకు ఏఆర్‌తో డేటా గోప్యత పాఠం: క్లాసుకు ముందు జాగ్రత్తలు

ఏఆర్ (ఆగ్మెంటెడ్ రియాలిటీ) అంటే కెమెరాకు కనిపించే దృశ్యంపై 3డీ బొమ్మలు కలిపి తెరమీద చూపించడం. ఆ యాప్ తెరిచారంటే కెమెరా తెరిచినట్టే. నోటితో మాట్లాడే పిల్లల గదిని శబ్దం లేకుండా వీడియో తీస్తే వాళ్ల మాటలు చాలావరకు బయటపడవు. సైగలతో మాట్లాడే పిల్లలకు ఆ రక్షణ లేదు, ప్రతి మాటా కెమెరాకు దొరికిపోతుంది. ముఖం మసకగా చేసి దాచుదామన్నా కుదరదు. సైగల భాషలో కనుబొమలు, పెదవులు కూడా వ్యాకరణమే కాబట్టి ముఖంతోపాటు అర్థమూ పోతుంది. కాబట్టి ఈ క్లాసులో రికార్డింగ్ పెట్టుకోవద్దు, "గ్రూపులో పెడదాం" అని చిన్న క్లిప్పు కూడా తీయొద్దు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలే. వాళ్ల డేటా వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. ఇంటికి పంపే కాగితం తెలుగులో, ఒక్క పేజీలో ఉండాలి. పిల్లలకూ సైగల్లో వివరించి అడగండి. వద్దన్న బిడ్డను కెమెరా వెనకవైపు కూర్చోబెట్టండి.

ఫోన్లు బడివే వాడండి, టీచర్ల సొంతవి వద్దు. ఫొటోల ఆటో బ్యాకప్ ఆపేయండి. యాప్ అనుమతుల్లో కెమెరాను "వాడుతున్నప్పుడు మాత్రమే" అని పెట్టి, మైక్, లొకేషన్, కాంటాక్టులు నిరాకరించండి. ముందురోజే ఏరోప్లేన్ మోడ్‌లో పాఠం మొత్తం నడిపి చూడండి. కొన్ని యాప్‌లు 3డీ బొమ్మలను అప్పటికప్పుడు నెట్ నుంచి తెస్తాయి, నెట్ లేకపోతే క్లాసు మధ్యలో ఆగిపోతాయి.

ఫోన్ చేత్తో పట్టుకుంటే సైగ చేయడానికి ఒక్క చెయ్యే మిగులుతుంది. స్టాండు తప్పనిసరి. బొమ్మనూ టీచర్ చేతులనూ పిల్లలు ఒకేసారి చూడలేరు. ముందు చూపించండి, ఆపండి, తర్వాత చెప్పండి. టీచర్ వెనక కిటికీ ఉంటే ముఖం నల్లగా కనిపిస్తుంది, వెలుతురు ఎదుటి నుంచి పడాలి. మార్కర్లకు, అంటే బొమ్మ రావడానికి కెమెరాకు చూపించే అచ్చు కాగితాలకు, లామినేషన్ చేయించొద్దు. మెరుపు వల్ల కెమెరా గుర్తుపట్టలేక బొమ్మ వణుకుతుంది.

పాఠంలో చూపించే నమూనా ఆధార్ కార్డులో నంబరు 0000తో మొదలుపెట్టండి. అసలు ఆధార్ నంబరు 0తోగానీ 1తోగానీ మొదలవదు, కాబట్టి అది ఎవరిదీ కాదు. పిల్లల సొంత కార్డులు బల్లమీదికి రానివ్వొద్దు. ఓటీపీ, అనుమతి, గోప్యత వంటి మాటలకు ఏ సైగలు వాడాలో బధిర టీచరుతో ముందే తేల్చుకోండి.

ఏఆర్ బొమ్మలకు ముందు ఈ పని చేయించండి. ఒక విద్యార్థి గది ఈ మూల నుంచి ఆరంకెల ఉత్తుత్తి ఓటీపీని వేళ్లతో చెప్పాలి. ఆ మూలనున్న పిల్లలు దాన్ని కాగితంపై రాసుకోవాలి. అంకెలు సరిపోగానే పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. పిన్ వేళ్లతో చెబితే బస్టాండంతా చదివేస్తుందని అక్కడే తెలుస్తుంది. ఆ తర్వాత యాప్ తెరిచి, కెమెరా వాడుతున్నప్పుడు తెరపై మూల వెలిగే ఆకుపచ్చ చుక్క చూపించండి. ఆండ్రాయిడ్ 12, ఆపై ఫోన్లలో అది ఉంటుంది. షట్టర్ శబ్దం వినపడని పిల్లలకు ఆ చుక్కే హెచ్చరిక.

యూపీఐ పిన్ డబ్బు పంపడానికే, తీసుకోవడానికి అక్కర్లేదని కూడా చెప్పండి. మోసపోతే చెప్పుకునే 1930 నంబరు మాటలతో నడిచే ఫోన్ లైను, వినపడని పిల్లలు దాన్ని వాడలేరు. అందుకే జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు రాసే పద్ధతిని తెరపై చూపించండి. ఇంట్లో వినగలిగే ఇద్దరు పెద్దల నంబర్లు పిల్లల దగ్గర కాగితంపై ఉండాలి, ఫోన్‌లో మాత్రమే కాదు.