పాత స్లైడ్ల పాఠాలు – 4: పిల్లలమర్రి కింద ఎడమచేతి పులిహోర

ఈసారి పాత స్లైడ్లను, అంటే చిన్న ఫ్రేముల్లో బిగించిన ఫిల్మ్ బొమ్మలను, ఫోన్‌తో ఫొటో తీసి చుట్టాలందరికీ పంపడం గురించి చెప్పాలనుకున్నాను. పోయిన పాఠం చదివి మీరు తీసిన ఫొటోలు చూశాక ఆ ముచ్చట కుదించక తప్పలేదు. తప్పు కొంత నాదే. ఫోన్‌లో తెల్ల తెర పెట్టి, దానిపై స్లైడ్ ఉంచి, ఇంకో ఫోన్‌తో తీయమన్నాను. మీరు నిజంగానే గాజుకు ఆనించారు. అందుకే ఆకాశానికి దోమతెర కట్టినట్టు గళ్లు వచ్చాయి. అవి తెరలోని చుక్కలు. స్లైడ్‌లో బొమ్మ 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 ఎత్తు మాత్రమే. కెమెరా అంత దగ్గరికి పోతే కింద ఉన్నవీ కనబడతాయి. స్లైడ్‌ను తెరకు రెండంగుళాలు పైకి లేపండి, చుక్కలు మసకబారి కలిసిపోతాయి. నేను రెండు అగరుబత్తి డబ్బాలు పక్కపక్కన నిలబెట్టి, వాటి సందు మీద స్లైడ్ పెడతాను. ఇందుకోసం స్టాండ్లు దొరుకుతాయి గానీ నాకు డబ్బాలే ఇష్టం. గదిలో లైటు, ఫ్యాను ఆపేయండి. ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

ఇక నాకు ఒళ్లు మండే సంగతి. మీరు పంపిన వాటిలో సగానికి సగం బొమ్మలు కుడి ఎడమలు మారిపోయి ఉన్నాయి. ఒకరినని లాభం లేదు, నేనూ చేశాను. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి కింద మా వాళ్లు సద్ది విప్పుకొని కూర్చున్న స్లైడ్ ఒకటుంది. ఊడల మధ్య దుప్పటి పరిచి, విస్తరాకుల్లో పులిహోర. దాన్ని హడావుడిగా తీసి ఇంటి గ్రూపులో పెట్టాను. పది నిమిషాలకు మా మేనత్త ఫోన్: "ఏందిర, మేమందరం ఎడమ చేత్తోని తిన్నమా?" అప్పటికే అది ఇంకో మూడు గ్రూపులకు పోయింది. వెనక్కి ఎట్లా తెస్తాం?

స్లైడ్‌కు రెండు ముఖాలు. ట్యూబ్‌లైటు కింద వాలుగా పట్టుకుంటే ఒకటి నున్నగా మెరుస్తుంది. రెండోది కాస్త మసకగా ఉంటుంది, బొమ్మ అంచులు సన్నగా ఉబ్బినట్టు కనబడతాయి. రంగు పూత ఉన్నది ఆ మసక ముఖానే. మెరిసే ముఖం మీ కెమెరా వైపు ఉండాలి, అంతే. కొడాక్ కంపెనీ అట్ట ఫ్రేముల మీద ఈ వైపు తెరకు (ఫోన్ తెర కాదు, ప్రొజెక్టర్ బొమ్మ పడే తెర) ఉండాలని ఇంగ్లిష్‌లో రాసి ఉంటుంది. ఆ రాత కిందికి పోవాలి. అయితే ఎవరో ఫ్రేము మార్చి ఉంటే ఆ రాతను నమ్మలేం. నకలు తీసిన స్లైడ్లలో మెరుపు గుర్తు కూడా ఒక్కోసారి తారుమారవుతుంది. కాబట్టి చివరి సాక్ష్యం బొమ్మలోనే వెతకాలి.

అన్నం తినే చెయ్యి చూశాం. మగవాళ్ల చొక్కా జేబు ఎడమ రొమ్ము మీద ఉంటుంది. బస్సు ఎక్కే తలుపు ఎడమవైపు, స్టీరింగ్ కుడివైపు. దుకాణం బోర్డు ఉంటే పని సులువు. చీర కొంగును మాత్రం ఒంటరి సాక్ష్యంగా తీసుకోను, కుడి పైట వేసే పెద్దవాళ్లను చూశాను. చేతి గడియారం ఇంకా నమ్మకం లేనిది.

మనుషులు లేని బొమ్మలే కష్టం. ఒట్టి మర్రిచెట్టు ఎటు తిప్పినా మర్రిచెట్టే. నాగార్జునసాగర్‌కైతే దారి ఉంది. డ్యామ్ దిగువన నిలబడి డ్యామ్ వైపు చూస్తే నది మన మీదికి వస్తున్నట్టు లెక్క. గట్ల కుడి ఎడమలు నది పారే వైపు తిరిగి చెప్తారు, అంటే నది ఎడమ గట్టు మనకు కుడిచేతి వైపు వస్తుంది. నల్లగొండ గట్టు, లాల్ బహదూర్ కాలువ అటే. జవహర్ కాలువ మన ఎడమకు. ఈ లెక్క తప్పిన సాగర్ బొమ్మలు మీలో నలుగురు పంపారు.

తప్పని తెలిసి దిద్దబోయినవాళ్లు రొటేట్ నొక్కారు. రొటేట్ ఎన్నిసార్లు నొక్కినా కుడి కుడే, ఎడమ ఎడమే. తల కిందికి పోతుంది, అంతే. నొక్కాల్సింది ఫ్లిప్. నడుమ గీత, అటూ ఇటూ రెండు త్రికోణాలు ఉన్న గుర్తు.

పంపడం రెండు ముక్కల్లో: వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే బొమ్మను కుదించేస్తుంది. ఫోన్ ఇవాళ్టి తేదీ వేస్తుంది కాబట్టి ఫైలు పేరులో పాత సంవత్సరం ముందు రాయండి. ఫ్రేము మీద అచ్చయిన నెల రీలు కడిగిన నెల, తీసిన నెల కాదు.

అభ్యాసం: పన్నెండు స్లైడ్లు తీసుకోండి, నాలుగింటిలో మనుషులు ఉండకూడదు. ఒక్కోదానికి కుడి ఎడమల సాక్ష్యం రెండేసి రాయండి. దొరకనివి పట్టుకొని ఆ రోజు అక్కడున్న పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లి పక్కన కూర్చొని అడగండి, ఫోన్‌లో కాదు. ఆ పన్నెండూ తేలేదాకా గ్రూపులో ఒక్కటి కూడా పెట్టకండి.

వచ్చే పాఠం బూజు పట్టిన స్లైడ్ల గురించి. అప్పటిదాకా తడిగుడ్డ దగ్గరికి తేవద్దు.